ప్యాకర్స్ అండ్ మూవర్స్ వాళ్లు సామాన్లు పాడుచేస్తే నష్టపరిహారం ఎలా రాబట్టాలి?

మీరు అడిగింది ఇదీ: కూకట్‌పల్లి నుంచి అమలాపురం పక్క పల్లెకి ఇల్లు మారారు, బిల్లు 24,000. టీవీ ప్యానెల్ పగిలింది, ఫ్రిజ్ చల్లబడట్లేదు, టేకు మంచం కోడు విరిగింది, 2 అట్టపెట్టెలు రానేలేదు. 11 రోజులైంది. కంపెనీ వాళ్లు "సామాన్లు బాగానే అందాయని సంతకం పెట్టారు కదండీ" అంటున్నారు.

సంతకం పెట్టినంత మాత్రాన కేసు పోదండీ. చీకటి పడ్డాక, వాన తుంపర్లో, కుర్రాళ్లు "తొందరగా పెట్టండి సార్, బండి వెళ్లిపోవాలి" అంటుంటే మూతలు తెరవని పెట్టెల మీద పెట్టే సంతకం ఎలాంటిదో అందరికీ తెలుసు. మీరు రుజువు చేయాల్సింది పెట్టెలు తెరిచాక ఏం కనబడింది, అది మీరు వెంటనే చెప్పారా లేదా అన్నదే. ఇప్పటికి ఫోన్లోనే చెప్పుంటే ఈరోజే మెయిల్, వాట్సాప్ రెండూ పంపండి. "ఫలానా తేదీ రాత్రి దింపారు, మర్నాడు పొద్దున తెరిస్తే ఇవి కనబడ్డాయి, అదే రోజు ఇన్ని గంటలకి మీ నంబరుకి ఫోన్ చేశాం" అని రాసి, కాల్ లాగ్ స్క్రీన్‌షాట్ జతచేయండి. కోపం, తిట్లు వద్దు. రేపు వినియోగదారుల కమిషన్ ముందు చదివేది ఆ మెసేజీలే.

పెట్టెల సంగతి ముందు చూద్దాం, తేలిగ్గా గెలిచేది అదే. ప్యాక్ చేసేటప్పుడు ఇచ్చిన లిస్టులో ప్రతి పెట్టెకీ ఒక నంబరుంటుంది, పెట్టె మీద స్టిక్కరో మార్కర్ రాతో ఉంటుంది. ఇంట్లో ఉన్నవన్నీ ఒకచోట పెట్టి నంబర్లు కనబడేలా ఫొటో తీయండి. లిస్టులో 1 నుంచి 31 దాకా ఉండి, మీ దగ్గర 17, 23 లేకపోతే, "మొత్తం అందాయి" అన్న మాటని వాళ్ల లిస్టే కొట్టేస్తుంది.

పెట్టెలు ఎక్కడ తప్పాయన్నది కూడా అడగాలి. హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్ద కంటైనర్ మన కాలవ గట్ల మీదకి రాదు. చాలాసార్లు రావులపాలెం దగ్గర హైవే పక్కన ఆపి, సామానంతా టాటా ఏస్‌లోకి మారుస్తారు. పార్ట్ లోడ్ అయితే అదే కంటైనర్లో ఇంకో రెండు మూడు ఇళ్ల సామాన్లుంటాయి. ఈ మార్పిడిలో లిస్టు చూసేవాడుండడు, టార్పాలిన్ పెద్ద బండి మీదే ఉండిపోతుంది. విరగడం, తడవడం, తప్పిపోవడం ఎక్కువగా జరిగేది ఇక్కడే. అందుకే మీ లేఖలో రెండు బండ్ల నంబర్లూ, ఎక్కడ మార్చారో, ఎవరు లెక్క చూశారో అడగండి. జవాబు ఇవ్వకపోతే అది కూడా మీకే పనికొస్తుంది.

టీవీ, ఫ్రిజ్ విషయంలో కంపెనీ వాళ్ల మాట ముందే తయారుగా ఉంటుంది: "పైకి దెబ్బ లేదు, లోపలి రిపేరుకి మాకు సంబంధం లేదు." ట్రాన్సిట్ ఇన్సూరెన్సుల్లో కూడా పైకి దెబ్బ కనబడని ఎలక్ట్రికల్, మెకానికల్ చెడుకి డబ్బివ్వరన్న షరతు మామూలే. కాబట్టి పైదెబ్బ వెతకండి. టీవీని నిలువుగా కాకుండా పడుకోబెట్టి, దాని మీద పరుపు వేస్తే అద్దం వంగి ఒక బిందువు దగ్గర నుంచి చీలికలు సాలెగూడులా పాకుతాయి. అట్టపెట్టె మీద సరిగ్గా ఆ చోటే నొక్కుడు ఉంటుంది. పెట్టె పారేయకండి, థర్మాకోల్ కూడా.

ఫ్రిజ్‌ని పక్కకి పడుకోబెట్టి తెస్తే కంప్రెసర్లో నూనె గొట్టాల్లోకి పోతుంది. దింపగానే స్విచ్ వేస్తే కంప్రెసర్ దెబ్బతింటుంది. "మీరే వెంటనే ఆన్ చేశారు" అని వాళ్లంటారు, అందుకని ఎన్ని గంటలు నిలబెట్టి వదిలారో ఉన్నది ఉన్నట్టు రాయండి. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్ ఉన్నవాళ్లకి ఒక మాట: వెనక ట్రాన్సిట్ బోల్టులు బిగించకుండా తెచ్చారేమో చూడండి, డ్రమ్ము ఊగి స్ప్రింగులు ఊడిపోయేది అందుకే.

ఏ వస్తువుకైనా ఆ బ్రాండ్ సర్వీస్ సెంటర్ మనిషిని పిలిపించి జాబ్ షీటు తీసుకోండి. "నాట్ వర్కింగ్" అని రాసి పోతానంటాడు, ఒప్పుకోవద్దు. ఏ భాగం పోయింది, ఎలాంటి దెబ్బ వల్ల, మార్చడానికి ఎంత, ఈ మూడూ రాయించండి. మంచానికి వడ్రంగి చేత తెల్లకాగితం మీద ఎస్టిమేట్, తేదీ, సంతకం చాలు. పట్టె దిగే చోట కోడు చీలితే మేకు కొడితే నిలవదు, కోడే మార్చాలి. ఆ మాట రాస్తే రిపేరు ఖర్చెందుకు అంతయిందో అర్థమవుతుంది.

ఇప్పుడు ఇన్సూరెన్స్. బిల్లులో "ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ 3%" అని వసూలు చేసి ఉంటే పాలసీ కాపీ, పాలసీ నంబరు రాతపూర్వకంగా అడగండి. పాలసీ ఇచ్చేది ఇన్సూరెన్స్ కంపెనీ, ప్యాకర్స్ వాళ్లు కాదు. చాలా చోట్ల ఆ డబ్బు వాళ్ల జేబులోకే పోతుంది. నిజంగా పాలసీ ఉంటే ఇన్సూరెన్స్ కంపెనీకి వెంటనే తెలియజేసి, సర్వేయర్ (నష్టం అంచనా వేసే మనిషి) వచ్చేదాకా ఏదీ రిపేరు చేయించకండి. పాలసీ లేదని తేలితే, లేని ఇన్సూరెన్స్‌కి డబ్బు తీసుకోవడం ఫిర్యాదులో వేరే అంశంగా పెట్టండి. ఇదే ఒక్కోసారి మిగతా అన్నిటికంటే బలంగా నిలుస్తుంది.

చట్టప్రకారం అసలు మెలిక నోటీసు. క్యారేజ్ బై రోడ్ యాక్ట్, 2007 ప్రకారం సరుకు బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నష్టం నోటీసు అందాలి. అది లేకుండా కేసు వేస్తే, నష్టమెంత నిజమైనా, మొదటి అభ్యంతరం అదే వస్తుంది. లెక్క డెలివరీ తేదీ నుంచి కాదు, బుకింగ్ తేదీ నుంచి. "చూస్తాం సార్, హెడ్డాఫీసుకి పంపాం" అంటూ నాలుగైదు నెలలు తిప్పేది ఇందుకే కావచ్చు.

నోటీసుకి లాయర్ అక్కర్లేదు. బుకింగ్ తేదీ, ఎల్.ఆర్. (లారీ రసీదు) నంబరు, బండి నంబరు, ఏం పాడైంది, ఒక్కోదానికి ఎంత అడుగుతున్నారు, ఎన్ని రోజుల్లో చెల్లించాలి (15 రోజులు ఇవ్వండి), ఇంతే. బిల్లు మీదున్న పేరుకే పంపాలి, వెబ్‌సైట్‌లో చూసిన పేరుకి కాదు. ఇవి రెండూ వేరుగా ఉండటం ఈ వ్యాపారంలో మామూలు. బిల్లు మీది 15 అక్షరాల జీఎస్టీ నంబరుని జీఎస్టీ పోర్టల్‌లో వెతికితే అసలు యజమాని పేరు తెలుస్తుంది. మొదటి రెండంకెలు 36 అయితే తెలంగాణ, 37 అయితే ఆంధ్రప్రదేశ్. స్పీడ్ పోస్టులో పంపి, ట్రాకింగ్ ప్రింటు దాచండి. కవరు తిరిగొస్తే విప్పకుండా అలాగే ఉంచండి.

ఎంత అడగాలి? అదే చట్టం కింద, సరుకు విలువ ముందే ఎక్కువ రాయించి అదనపు రేటు కట్టకపోతే, బాధ్యత కిరాయికి 10 రెట్ల దాకానే, అదీ ఫార్వర్డింగ్ నోట్‌లో (బుకింగప్పుడు సరుకు వివరాలు, విలువ రాసిచ్చే కాగితం) రాసిన విలువ దాటకుండా. మీ 24,000లో కిరాయి 14,000, మిగతాది ప్యాకింగ్, లోడింగ్ అని విడగొట్టి ఉంటే వాళ్లు పట్టుకునే లెక్క 1,40,000. మీ నష్టం అంత ఉండదు కాబట్టి దిగులు లేదు. కానీ నోట్‌లో "విలువ 50,000" అని ఎవరో గీకి ఉంటే అడ్డం వస్తుంది, చూసుకోండి. "ఓనర్స్ రిస్క్", అంటే నష్టమొస్తే సామాను యజమానిదే బాధ్యత, అని అచ్చేసిన ముక్క చూసి మాత్రం భయపడకండి. వాళ్ల మనుషుల నిర్లక్ష్యాన్ని ఆ అచ్చు కడిగెయ్యదు.

నాలుగేళ్ల ఫ్రిజ్‌కి కొత్త ఫ్రిజ్ ధర అడిగితే మిగతా లెక్కల మీదా నమ్మకం పోతుంది. రిపేరయ్యేదానికి రిపేరు ఖర్చు, కానిదానికి వాడిన ఏళ్లు తీసేసిన ధర అడగండి. మానసిక వేదన కింద 5 లక్షలు రాసేవాళ్లున్నారు. రాయడానికి ఖర్చు లేదు, కానీ ఇచ్చేవాళ్లుండరు.

15 రోజుల్లో కదలిక లేకపోతే ముందు 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, చెప్పండి. వాళ్లు ఆదేశాలివ్వరు, కంపెనీకి పంపి జవాబు తెప్పిస్తారు. చిన్న మొత్తాలు కొన్ని అక్కడే తెగిపోతాయి. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న చోటే కేసు వేయొచ్చు, హైదరాబాద్ వెళ్లక్కర్లేదు. బిల్లు కింద "హైదరాబాద్ జ్యూరిస్‌డిక్షన్ మాత్రమే" అని ఉన్నా సరే. మీరు కట్టిన డబ్బు 5 లక్షలు దాటలేదు కాబట్టి కోర్టు ఫీజు లేదు. గడువు 2 ఏళ్లు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లో దాఖలు చేయొచ్చు. పాత పోర్టల్ ఈ-దాఖిల్ పని 2025 నుంచి ఇక్కడే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినా అన్నిచోట్లా కమిషన్లు అలాగే విడిపోలేదు, కోనసీమ వాళ్లు దాఖలు చేసే ముందు ఏ కమిషన్ పరిధో అడిగి తెలుసుకోండి.

ఫిర్యాదు, తేదీల వరస, అఫిడవిట్, బిల్లులు, ఫొటోలు, జాబ్ షీట్లు, నోటీసు, ట్రాకింగ్ ఈ వరసలో పేజీ నంబర్లు వేసి పెట్టండి. ఫొటోలు, వాట్సాప్ ప్రింట్లతో పాటు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఫోన్, కంప్యూటర్ నుంచి తీసిన ఆ కాపీలు అసలువేనని ఇచ్చే ధ్రువీకరణ) జతచేయాలి. చాలామంది ఇక్కడే మరిచిపోతారు. కమిషన్ నోటీసు, ఫిర్యాదు కాపీ అందాక అవతలివాళ్లు 30 రోజుల్లో, మహా అయితే ఇంకో 15 రోజుల్లో జవాబు వేయాలి. ఆ తర్వాత ఒప్పుకోకూడదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. కాబట్టి ఆ కమిషన్ నోటీసు వాళ్లకి అందిన తేదీ మీ డైరీలో ఉండాలి.

మధ్యలో రాజీకొస్తారు. "వచ్చేసారి షిఫ్టింగ్ సగం ధరకే చేస్తాం" అన్నది రాజీ కాదు. చెక్కు కూడా వద్దు. డబ్బు మీ ఖాతాలో పడ్డాకే "ఇక బాకీ లేదు" కాగితం మీద సంతకం పెట్టండి. అప్పటిదాకా పగిలిన టీవీ, విరిగిన కోడు ఇంట్లోనే ఉండాలి, పాత సామాన్ల బండివాడు అడిగినా ఇవ్వొద్దు.