కణంలోకి పదార్థాలు ఎలా వెళ్తాయి, ఎలా బయటకు వస్తాయి?

కణం చుట్టూ రెండు వరసల కొవ్వు అణువులతో అల్లుకున్న పల్చటి పొర ఉంటుంది. దేన్ని రానివ్వాలి, దేన్ని ఆపాలి అన్నది చాలావరకు ఆ పొర చేతిలోనే ఉంది.

ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ నేరుగా దాటేస్తాయి, ఎక్కువున్న వైపు నుంచి తక్కువున్న వైపుకి. ఇది వ్యాపనం, దీనికి శక్తి ఖర్చు లేదు. గ్లూకోజ్‌కి మాత్రం పొరలోని ప్రోటీన్లు దారివ్వాలి.

నీటి కదలిక ద్రవాభిసరణ. ఎర్ర రక్తకణాన్ని ఉత్త నీటిలో వేస్తే నీరు లోపలికి తోసుకొచ్చి, కణం ఉబ్బి పగిలిపోతుంది. అందుకే రక్తం గాఢతకు సరిపోయేలా సెలైన్‌లో 0.9 శాతం ఉప్పు ఉంటుంది.

అన్నిటికన్నా అద్భుతం సోడియం-పొటాషియం పంపు. ఇది వాలుకి ఎదురు, అంటే తక్కువున్న వైపు నుంచి ఎక్కువున్న వైపుకి పనిచేస్తుంది కాబట్టి శక్తి కావాలి. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువు ఒకటి ఖర్చు చేసి, 3 సోడియం అయాన్లను బయటకు నెట్టి, 2 పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. నాడుల్లో సంకేతాలు నడవడానికి లోపలా బయటా ఏర్పడే ఈ అయాన్ల తేడాయే ఆధారం. ఈ పంపును 1957లో డెన్మార్క్ శాస్త్రవేత్త జెన్స్ స్కౌ కనుగొన్నారు, 1997లో ఆయనకు నోబెల్ వచ్చింది.

మరీ పెద్దవాటి కోసం పొరే వంగుతుంది. తెల్ల రక్తకణం బ్యాక్టీరియాను చుట్టేసి మింగుతుంది. క్లోమంలోని కణాలు ఇన్సులిన్‌ని చిన్న సంచుల్లో పొర దాకా తెచ్చి బయటికి వదులుతాయి.