అమ్మ రిపోర్టులో ఉన్న మాట మీదే పరిశోధన చేయొచ్చా?

ప్రశ్న: బీఎస్సీ బయోటెక్నాలజీ ఫైనలియర్ చదువుతున్నాను. రెండేళ్ల కిందట అమ్మకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. రిపోర్టులో ఈఆర్ నెగటివ్, పీఆర్ నెగటివ్ (ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరాన్ హార్మోన్లను అందుకునే రిసెప్టర్లు కణితిలో లేవు) అని ఉంది. డీఎన్‌ఏ మిథైలేషన్ (డీఎన్‌ఏకు మిథైల్ అనే చిన్న రసాయన గుంపు అతుక్కోవడం) వల్ల ఆ రిసెప్టర్ల జన్యువులు పనిచేయడం ఆపేస్తాయని చదివాను. దానిమీదే పరిశోధన చేయాలనుంది. నాన్న బీఈడీ చేయమంటున్నారు.

జవాబు: అమ్మగారు ఆరోగ్యంగా ఉండాలని మనసారా కోరుకుంటున్నానమ్మా. మీరు చదివింది నిజమే కానీ, అంతటితో అయిపోలేదు. ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌ను తయారుచేసే ఈఎస్ఆర్1 జన్యువు కొన్ని కణితుల్లో చెక్కుచెదరకుండానే ఉంటుంది. దాని మొదట్లోని సైటోసిన్లనే డీఎన్‌ఏ అక్షరాలకు మిథైల్ అతుక్కోవడంతో మూగబోతుంది. రిసెప్టర్ లేకపోతే, దాన్ని అడ్డుకునే టమాక్సిఫెన్ మందుకు పని ఉండదు. 1990లలో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు ఈఆర్ నెగటివ్ కణాలపై డెసిటబిన్ అనే మందు వాడి మిథైలేషన్ తగ్గిస్తే ఆ జన్యువు మళ్లీ పలికింది. ఎవరికైనా ఆశ పుడుతుంది. అయితే 2006లో అక్కడ ఆ మందుకు అనుమతి వచ్చింది ఎముక మజ్జ జబ్బుకు. రొమ్ము క్యాన్సర్‌లో అది ఇప్పటికీ మామూలు చికిత్స కాలేదు. ఈఆర్ నెగటివ్ కణితులన్నిటికీ మిథైలేషనే కారణమూ కాదు. అమ్మకు మందు కనిపెట్టాలన్న ఒక్క ఆశతోనే ల్యాబులో అడుగుపెడితే తొందరగా కుంగిపోతారని ఇదంతా చెబుతున్నాను.

అక్కడి పని ఎలా ఉంటుందో చూడండి. డీఎన్‌ఏకి బైసల్ఫైట్ అనే రసాయనం కలిపితే మిథైల్ లేని సైటోసిన్ యురాసిల్‌గా మారిపోతుంది, ఉన్నది అలాగే మిగులుతుంది. సీక్వెన్స్ చదివితే మిథైల్ ఎక్కడుందో తెలిసిపోతుంది. వినడానికి ఇంతే. కానీ ఆ రసాయనం డీఎన్‌ఏను ముక్కలు చేసేస్తుంది, ప్రైమర్లనే చిన్న డీఎన్‌ఏ ముక్కలు ఒక పట్టాన కుదరవు, వాటితో డీఎన్‌ఏను కాపీలు చేసే పీసీఆర్ వారాల తరబడి ఫెయిలవుతుంది. ఆ వారాలను ఓర్చుకోగలరా అన్నదే అసలు పరీక్ష.

కొంతవరకు దాన్ని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. టీసీజీఏ అనే అమెరికన్ ప్రాజెక్టులో వందలాది రొమ్ము కణితుల మిథైలేషన్ డేటా ఉచితంగా దొరుకుతుంది. ఒక లాప్‌టాప్ చాలు. మూడు నెలలు ఆర్ ప్రోగ్రామింగ్ నేర్చుకుని, ఈఆర్ పాజిటివ్, నెగటివ్ కణితుల్లో ఈఎస్ఆర్1 దగ్గర మిథైలేషన్ ఎలా ఉందో మీరే గ్రాఫ్ గీయండి. రాత్రి పన్నెండైనా లేవబుద్ధి కాకపోతే ఈ దారి మీదే.

ఎంఎస్సీకి గ్యాట్-బి, సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్షలు రాయండి. తర్వాత సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవారికిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, దానికి అదనంగా ఇంటద్దె భత్యం. హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థలు, నవీ ముంబయిలో టాటా మెమోరియల్ వారి క్యాన్సర్ పరిశోధన కేంద్రం యాక్ట్రెక్ ఉన్నాయి.

నాన్నగారి టెన్షన్ అర్థం చేసుకోదగిందే. పీహెచ్‌డీ అయిదారేళ్లు పడుతుంది, ఆ తర్వాతా ఉద్యోగం వెంటనే రాకపోవచ్చు. ఎంఎస్సీ అయ్యాక కూడా బీఈడీ చేయొచ్చని ఆయనతో చెప్పండి. ఎంఎస్సీ సీటు ఎంచుకునే ముందు మాత్రం, అక్కడ ప్రాజెక్టు ఏ ల్యాబులో చేయిస్తారో, సెల్ కల్చర్ (ల్యాబులో కణాలను పెంచే పని) చేతికిస్తారో లేదో సీనియర్లకు ఫోన్ చేసి కనుక్కోండి.