తుపాకీ సంగతి తర్వాత, ముందు శనివారం రా

బుజ్జీ,

నువ్వు తుపాకీ కాల్చి వాట్సాప్‌లో పెట్టిన ఫోటో చూశాను. కాగితం మీద పన్నెండు చిల్లులు. అందులో తొమ్మిది కిందికి, ఎడమ పక్కకి దిగిపోయాయి. వాటి సంగతి తర్వాత చెబుతాను. ఫోటో వచ్చిన అరగంటకి మీ అమ్మ ఫోను. "అక్కా, పిల్లని అంత దూరం ఇచ్చింది తుపాకులు పట్టుకోవడానికా? ఇదంతా నిన్ను చూసే నేర్చుకుంది" అని ఒకటే గోల. నేనేం నేర్పలేదే అన్నాను. అది నిజమే కదా. ఇకముందు నేర్పబోతున్నానని మాత్రం చెప్పలేదు.

"ఏది కొనమంటావ్ పెద్దమ్మా?" అని అడిగావు. ఇప్పుడే ఏదీ కొనకు. ఆఫీసువాళ్ళతో ఒక్కసారి రేంజ్‌కి, అంటే తుపాకీ కాల్చే చోటికి వెళ్ళి, గంటసేపు కాల్చి, ఆ ఊపులో వారం తిరక్కుండా కొనేసినవాళ్ళని ఈ డాలస్ చుట్టుపక్కల చాలామందినే చూశాను. ఆరు నెలలు కాల్చడం నేర్చుకో. కొనాలో వద్దో అప్పుడు నీకే తెలుస్తుంది. ఆరు నెలల తర్వాత కొననివాళ్ళూ ఉన్నారు, వాళ్ళేం నష్టపోలేదు.

అసలు మన ఇళ్ళల్లో తుపాకీ ఎక్కడిదే? నాకు తెలిసిందల్లా దీపావళికి ఎర్ర రీలు పెట్టి టపటపలాడించే రేకు తుపాకీ. మా ఊరు మొత్తానికి మునసబు గారింట్లో ఒక్క జంట గొట్టాల తుపాకీ ఉండేది. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా ఆయన దాన్ని గోనెగుడ్డలో చుట్టి, సైకిలుకి కట్టుకుని పోలీసు స్టేషన్లో అప్పజెప్పడానికి వెళ్ళేవారు. మేం పిల్లలం ఊరి చివరిదాకా వెనకాలే పరిగెత్తేవాళ్ళం. అది పేలగా ఎవరూ వినలేదు. అలాంటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళం కాబట్టి, ఇక్కడ పక్కింటివాళ్ళ గరాజ్‌లో మనిషెత్తు సేఫ్ చూస్తే మనకి ముందు గుండె గుభేలంటుంది, ఆ తర్వాతే లోపల ఏముందో చూడాలనిపిస్తుంది.

మనవాళ్ళలో తుపాకీ ప్రస్తావన వచ్చిందంటే వెనకాల రెండు తేదీలుంటాయి. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లో, ఓలేత్‌లోని బార్‌లో మన హైదరాబాద్ ఇంజనీరుని కాల్చి చంపినప్పుడు ఒకసారి. 2023 మే 6న మన పక్కనే అలెన్ మాల్‌లో ఎనిమిది మంది పోయినప్పుడు ఇంకోసారి. ఆ ఎనిమిది మందిలో మన తెలంగాణ అమ్మాయి ఉంది. ఆ వారం నాకొచ్చిన ఫోన్లు ఇన్నీ అన్నీ కావు. ఎక్కడ దొరుకుతుంది, ఎంతవుతుంది, ఏ కంపెనీది మంచిది? ఎక్కడ నేర్పుతారని అడిగింది ఒక్కరే. ఆ భయాన్ని నేను తప్పుపట్టను, నాకూ నిద్ర పట్టలేదు. మనవాళ్ళే కాదు, అదే ఏడాది ప్యూ అనే ఇక్కడి పరిశోధన సంస్థ చేసిన సర్వేలో తుపాకీ ఉన్నవాళ్ళలో 72 శాతం మంది ముఖ్య కారణాల్లో ఆత్మరక్షణ ఒకటని చెప్పారు. కానీ ఆ వారం కొన్నవాటిలో కొన్ని ఇప్పటికీ పట్టుచీరల అర వెనక పడున్నాయి. వాటి యజమానులకి మ్యాగజైన్, అదే తూటాలుండే పెట్టె, ఎలా తియ్యాలో కూడా గుర్తులేదు. నా దగ్గరికి పట్టుకొచ్చి, "అక్కా, ఇది లోడై ఉందా?" అని నా వైపే గురిపెట్టి అడిగిన మహానుభావుడు ఒకడున్నాడు.

నేను ఇందులోకి భయంతో రాలేదు, పెకాన్ల వల్ల, అవే ఆ అక్రోటు లాంటి గింజల వల్ల వచ్చాను. మా పక్కింటి ముసలాయన ఏటా తన చెట్టు పెకాన్లు ఓ సంచీడు ఇచ్చేవాడు, నేను బదులుగా వడలు పంపేదాన్ని. ఒక ఏడాది థాంక్స్‌గివింగ్ మర్నాడు మమ్మల్ని వాళ్ళ తమ్ముడి పొలానికి రమ్మన్నాడు. అక్కడ నా చేతికి పాయింట్ 22 అనే సన్న తూటా రైఫిల్ ఇచ్చాడు. కాల్చినప్పుడు భుజానికి తగిలే దెబ్బ దాదాపు ఉండదు, చప్పుడు కూడా పెద్ద తుపాకుల ముందు ఓ లెక్కలోది కాదు. కంచె దగ్గర మట్టికట్ట ముందు ఖాళీ కోక్ డబ్బా పెట్టారు. మూడు తప్పిపోయాయి. నాలుగోసారి ఊపిరి సగం వదిలి ఆపమన్నాడు. ఆపాను. 'టింగ్'మని డబ్బా ఎగిరింది. నాకప్పుడు యాభై ఏళ్ళు. మందుల షాపులో రోజుకి పది గంటలు నిలబడి, మాత్రలు లెక్కపెడుతూ, వంద ఆలోచనలతో సతమతమయ్యేదాన్ని. ఆ ఒక్క క్షణం బుర్రలో ఏమీ లేదు, గొట్టం చివర గురి చూసే ముందు గింజ, అవతల డబ్బా, అంతే. నాకు నచ్చింది అదీ. నువ్వు కూడా ఫోటో కింద "ఎందుకో తెలీదు, చాలా ప్రశాంతంగా అనిపించింది" అని రాశావు చూడు, దాన్ని పట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను. భయంగా ఉందని రాసి ఉంటే ముందు తలుపుకి మంచి గడియ పెట్టించుకోమని చెప్పేదాన్ని.

అయితే వీళ్ళకి తుపాకీ ఉత్త ఆట కాదని తెలుసుకో. తెలియకపోతే వాళ్ళు ఊరికే పిచ్చివాళ్ళలా కనిపిస్తారు. ఆపిల్‌సీడ్ అని రైఫిల్ నేర్పే రెండు రోజుల క్లాసులుంటాయి. పాతిక మీటర్ల దూరంలో కాల్పిస్తూ, మధ్య మధ్యలో కూర్చోబెట్టి అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలైన 1775 ఏప్రిల్ 19 కథ చెబుతారు. బ్రిటిష్ సైన్యం కాంకర్డ్‌లో దాచిన ఆయుధాలు పట్టుకోవడానికి బయల్దేరితే, రైతులు ఇళ్ళల్లోంచి తుపాకులు తీసుకుని ఎదురెళ్ళిన కథ. నేను వింటూ మన అల్లూరి సీతారామరాజుని తలుచుకున్నాను. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి, మూడు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకెళ్ళాడు. తేడా చూడు. 1878 నాటి ఆయుధాల చట్టంతో తెల్లవాడు మన జనం చేతుల్లోంచి తుపాకీని ముందే లాగేసుకున్నాడు కాబట్టి మన వీరుడు స్టేషన్‌కే వెళ్ళి తెచ్చుకోవాల్సి వచ్చింది. వీళ్ళ కథలో అది ఇంట్లోనే ఉంది. వీళ్ళ రాజకీయాలన్నిటితో నేను ఏకీభవించను, కొన్నిటికి ఒళ్ళు మండుతుంది కూడా. కానీ పక్కింటాయన తాత తుపాకీని మనవడికి చూపించేటప్పుడు ఆ ముఖంలో కనిపించేది మనం తాతగారి తాళపత్రాలు చూపించేటప్పుడు ఉండేదే.

ఇక అసలు పనిలోకి. మీ ఆడపడుచు ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చి మీ ఇంట్లోనే ఉంటోంది కదా. ఆ పిల్లని సరదాకి కూడా రేంజ్‌కి తీసుకురాకు. ఎఫ్-1 గానీ, ఉద్యోగానికిచ్చే హెచ్-1బీ గానీ, అలాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ, తూటా ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రేంజ్‌లో అద్దెది చేతిలోకి తీసుకున్నా అదే లెక్క. హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది, నిజమే. కానీ లాయరుని అడక్కుండా స్నేహితుల మాట మీద ఆ దారి పట్టడం ఎందుకు? నీకు గ్రీన్‌కార్డు వచ్చింది కాబట్టి నీకీ బెడద లేదు. రేపు నువ్వు కొన్నా, సేఫ్ తాళంచెవి, నంబరు ఆ పిల్లకి తెలియకూడదు. తను వాడకపోయినా అందుబాటులో ఉంటే తన దగ్గర ఉన్నట్టేనని వాదించడానికి వీలుంటుంది.

రేంజ్‌లో నేను చేసిన తప్పు చెబుతాను, నవ్వకు. మొదటి హ్యాండ్‌గన్ క్లాసుకి మామూలుగా వేసుకునే కుర్తీతోనే వెళ్ళాను, మెడ కాస్త కిందికి ఉన్నది. మూడో తూటా పేల్చగానే ఖాళీ ఇత్తడి గొట్టం ఎగిరొచ్చి మెడలోంచి లోపల పడింది. పోపు గింజ పడ్డట్టు కాలుతుందే అది! చేతిలో లోడైన తుపాకీతోనే గిర్రున వెనక్కి తిరిగాను. నేర్పే ఆయన నా మణికట్టు గట్టిగా పట్టుకుని తుపాకీని మళ్ళీ గోడ వైపు తిప్పాడు. కేకలు వెయ్యలేదు. నా వెనకాల బెంచీ మీద కూర్చున్న ఇద్దరిని చూపించాడంతే. ఆ రాత్రి అన్నం ముద్ద మింగుడుపడలేదు. చర్మం కాలుతున్నా సరే, ముందు తుపాకీని మూతి అవతలికి ఉండేలా బల్ల మీద పెట్టాలి, తర్వాతే గంతులు. ప్రతి తుపాకీ లోడై ఉందనుకో, మూతి ఎవరి మీదికీ తిప్పకు, గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు, గురి వెనకాల ఏముందో చూసుకో అని గోడ మీద రాసి ఉంటుంది. చదివితే తెలియదది. మనం కత్తిపీట దాటకుండా చుట్టూ తిరిగి వెళ్తామే, అలా ఆలోచించకుండానే ఒంటికి రావాలి.

ఇప్పుడు నీ తొమ్మిది చిల్లులు. కుడిచేతివాటం వాళ్ళవి కిందికీ ఎడమకీ వెళ్తే చాలావరకు తుపాకీ తప్పు కాదు. పేలుతుందని తెలిసి, పేలకముందే చెయ్యి బిగుసుకుని కిందికి తోస్తుంది. నాకైతే మాస్టారు అసలు తూటాల మధ్యలో నాకు తెలియకుండా ఒక పేలని డమ్మీ తూటా పెట్టాడు. ట్రిగ్గర్ నొక్కితే 'టిక్' అంది, తుపాకీ మూతి మాత్రం బోర్లా పడబోయినట్టు ముందుకి వంగింది. సిగ్గుతో చచ్చాను. దానికి మందు ఇంట్లో ఖాళీ తుపాకీతో సాధన. తూటాలు వేరే గదిలో పెట్టి, ముందు గింజ మీద రూపాయి బిళ్ళ నిలబెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ నొక్కాలి. ఇండియా నుంచి తెచ్చుకున్న పాత బిళ్ళ ఒకటి నా దగ్గర ఇంకా ఉంది, నీకిస్తాను. నీకింకా తుపాకీ లేదు కాబట్టి మా ఇంట్లోనే చేద్దువుగాని.

షాపుల్లో ఒక సంగతి కనిపెట్టి ఉండు. ఒకచోట నేను అడుగుతుంటే కౌంటర్ వెనకాయన జవాబు మీ పెదనాన్నకి చెప్పాడు. ఆయనకేమో దోమల బ్యాట్ తప్ప ఏదీ పట్టడం రాదు. తర్వాత నా వైపు తిరిగి, అరచేతిలో పట్టేంత గులాబీ రంగు పిస్టల్ తీశాడు, లేడీస్‌కి బాగుంటుందట. అంత తేలిక తుపాకీ ఎక్కువ తంతుంది, గురి నేర్చుకోవడానికి అసలు పనికిరాదు. మొదట పాయింట్ 22, తర్వాత కాస్త బరువున్న 9 ఎంఎం పిస్టల్, రెండూ అద్దెకే తీసుకో. మీ ఆయన డబ్బిచ్చి తన కోసం నీ పేరు మీద కొనమంటే ఒప్పుకోకు. షాపులో కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో నిజమైన కొనుగోలుదారువి నువ్వేనా అని అడుగుతారు, అబద్ధం రాస్తే నేరం. ఆయనది ఆయనే కొనుక్కోవాలి.

2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో, చట్టప్రకారం అభ్యంతరాలేవీ లేని 21 ఏళ్ళు దాటినవాళ్ళు లైసెన్సు లేకుండానే హ్యాండ్‌గన్ వెంట ఉంచుకోవచ్చు. అంటే ఎవరూ నీకు పరీక్ష పెట్టరు. నేను పెడతాను. కావాలనుకున్నవాళ్ళు తీసుకునే క్యారీ లైసెన్సుకి (తుపాకీ వెంట ఉంచుకునేందుకు) ఇప్పటికీ పరీక్ష ఉంది. యాభై తూటాలు, 3 గజాల నుంచి ఇరవై, 7 నుంచి ఇరవై, 15 నుంచి పది. 250కి 175 వస్తే పాస్. నాకు మొదటిసారి 161 వచ్చాయి. నువ్వు మూడు శనివారాలు వరసగా 220 దాటితే కొనే మాట అప్పుడు ఎత్తు.

కొన్నాక ఇంట్లో ఎక్కడ పెడతావన్నది నాకు అన్నిటికన్నా టెన్షన్. మీ చిన్నాడికి మూడేళ్ళు, కుర్చీ లాక్కుని ఫ్రిజ్ పైదాకా ఎక్కేస్తున్నాడు. లోడైన తుపాకీ 17 ఏళ్ళలోపు పిల్లల చేతికి చిక్కితే టెక్సస్‌లో అజాగ్రత్తగా వదిలినవాళ్ళ మీద కేసు. కేసు మాట అటుంచు, ఆ తర్వాత బతకగలమా? నేను మందుల షాపులో ముప్ఫై ఏళ్ళు పనిచేశాను, డిప్రెషన్ మాత్రలు తీసుకెళ్ళేవాళ్ళ ముఖాలు నాకు తెలుసు. ఈ దేశంలో తుపాకీ చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఇంట్లో ఎవరి మనసైనా బాగోలేదనిపిస్తే, నువ్వైనా సరే, మీ ఆయనైనా సరే, ఆ రోజే దాన్ని ఇంట్లోంచి బయటికి పంపించెయ్. ఎందుకని అడగను, నా సేఫ్‌లో చోటుంది. దసరాకి ఆయుధపూజ అని తుపాకీకి బొట్టు పెట్టి ఫేస్‌బుక్‌లో ఫోటో పెట్టే పని కూడా వద్దు. మన ఇళ్ళల్లో బంగారం ఉంటుందని దొంగలకి ఎలాగూ తెలుసు, రెండోది కూడా మనమే చెప్పాలా?

ఇంకోటి, మర్చిపోతానేమో. రేంజ్‌కి తెచ్చే బ్యాగ్ రేంజ్‌కే. దాన్ని ఇండియా ప్రయాణానికి వాడకు. బ్యాగ్ అడుగున మర్చిపోయిన ఒక్క తూటా స్కానింగ్‌లో బయటపడి, మన ఎయిర్‌పోర్టుల్లో కేసుల్లో ఇరుక్కున్నవాళ్ళున్నారు. అమ్మానాన్న బయట పూలతో నిలబడి ఉంటారు, నువ్వు లోపల స్టేట్‌మెంట్ రాస్తుంటావు.

రెండో బిడ్డ సంగతి ఏమైనా ఆలోచిస్తున్నారా? అడగకూడదనుకున్నా అడగాల్సి వస్తోంది. తూటాల్లో సీసం ఉంటుంది, ఆ పొడి గాల్లోకి, చేతులకి, బట్టలకి వస్తుంది. చప్పుడు కూడా మంచిది కాదు. అలాంటి ఆలోచన ఉంటే ఇదంతా పక్కన పెట్టెయ్, ఏడాదిన్నర తర్వాత మొదలుపెడదాం, తుపాకులు ఎక్కడికీ పోవు. లేదంటే శనివారం ఎనిమిదిన్నరకల్లా మా ఇంటికి వచ్చెయ్. మెడదాకా మూసి ఉండే టీషర్టు, వేళ్ళు కనపడని బూట్లు. నల్లపూసలు లోపలికి తోసుకో. చప్పుడు ఆపడానికి చెవుల్లోకి ప్లగ్గులు, పైన చెవుల్ని మూసే మఫ్స్ రెండూ నేను తెస్తాను. మీ అమ్మకి నేనే ఫోన్ చేసి ఎలాగో నచ్చజెబుతాను. పెసలు నానబోసి ఉంచుతాను, కానీ తిరిగొచ్చి సబ్బుతో చేతులు రుద్ది కడుక్కుని, బట్టలు మార్చుకున్నాకే అట్టు. చిన్నాణ్ణి ఎత్తుకోవడం కూడా ఆ తర్వాతే.

మీ పెద్దమ్మ