నాన్న సైకిల్ తోలు సీటు కుంగిపోయింది. బాగు చేయించాలా, మార్చాలా?

మీ నాన్నగారి పాత సైకిల్ తోలు సీటు నడుమ గుంట పడిందని, నెర్రెలిచ్చిందని, షాపులో తీసేసి రెగ్జిన్ సీటు వేయించుకోమన్నారని రాశారు. తొందరపడి పారేయకండి. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె, మా నాన్న సైకిల్‌కీ ఇదే జరిగింది.

ముందు సీటు తిరగేసి రివిట్ల చుట్టూ చూడండి. మనిషి బరువంతా ముక్కు దగ్గర, వెనక రేకు మీద ఉన్న ఆ రివిట్ల మీదే పడుతుంది. అక్కడ తోలు గట్టిగా ఉంటే, పైన సన్న నెర్రెలున్నా ఫర్వాలేదు. రంధ్రాలు సాగి చిరిగితే మాత్రం తోలు మార్చాల్సిందే.

కుంగడం ఒక్కటే అయితే ముక్కు కింద ఉండే నట్టును పానాతో అర చుట్టు తిప్పి, నాలుగు రోజులు తొక్కి చూడండి. ఒకేసారి బిగిస్తే ఎండిన తోలు రివిట్ దగ్గర చిరుగుతుంది. చాలకపోతే రెండు పక్కల రెక్కల అంచున ఆరెతో, అంటే చెప్పులు కుట్టేవాళ్ల సూదిపనిముట్టుతో, నాలుగేసి రంధ్రాలు పొడిపించి, మైనం పట్టించిన దారంతో బూటు లేసులా అడుగు నుంచి లాగి కట్టించండి. రెక్కలు దగ్గరైతే నడుమ పైకి లేస్తుంది. బస్టాండ్ దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన మాకు అరగంటలో చేసిచ్చాడు. ఇంకో ఆరేళ్లు నడిచింది.

తర్వాత దాన్ని పాడుచేసింది నేనే. తోలు బిర్రబిగిసిందని ఆముదం ధారగా పోసి మే నెల ఎండలో పెట్టాను. మా వైపు ఆ రోజుల్లో 44 డిగ్రీలు మామూలే. సాయంత్రం ఎక్కి కూర్చుంటే సంచిలా వేలాడింది, ఆపైన ఎంత బిగించినా నిలవలేదు. ఇప్పటికీ బాధే. నూనె ఏడాదికి ఒకట్రెండు సార్లు, గుడ్డతో పలుచగా రాస్తే చాలు.

స్ప్రింగులు, ఇనుప చట్రం అవే ఉంచి తోలు మాత్రం మార్పించాం. బ్యాగులకు వాడే మెత్తటి క్రోమ్ తోలు వద్దు, ఆకారం నిలబడదు. తంగేడు బెరడు లాంటి వాటితో లందలో (తోలు ఊరబెట్టే తొట్టిలో) ఊరిన దళసరి తోలు, ఐదు మిల్లీమీటర్లది అడగండి. పెద్దాయన దాన్ని బకెట్ నీళ్లలో ముంచి, బుడగలు ఆగాక తీసి, చట్రం మీద పరిచి, బొటనవేళ్లతో ఒక్కో వంపూ నొక్కుకుంటూ తాడు చుట్టాడు. రెండు రోజులు నీడనే ఆరనిచ్చి రాగి రివిట్లు కొట్టాడు. మొదట్లో చెక్కలా గట్టిగా ఉంటుంది, తొక్కేకొద్దీ మన కూర్చునే తీరుకు ఒదుగుతుంది.

రివిట్ల దగ్గర ఫొటో తీసి పెట్టండి, చూసి చెబుతాను.