వీసా మీద ‘నో పబ్లిక్ ఫండ్స్’ అని ఉంటే మందులకు అప్పు చేయాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. 2023 సెప్టెంబర్‌లో మాస్టర్స్ కోసం ఇంగ్లండ్ వచ్చాను, నాతోపాటు నా భార్య కూడా డిపెండెంట్‌గా వచ్చింది. ఇప్పుడు లెస్టర్‌లో, చదువయ్యాక ఉద్యోగం చేసుకోవడానికిచ్చే గ్రాడ్యుయేట్ వీసా మీద ఉన్నాం. నాకు వేర్‌హౌస్ ఉద్యోగంలో నెలకు 1,650 పౌండ్లు చేతికొస్తాయి. ఆమె పార్ట్‌టైమ్‌గా 480 తెస్తుంది. అద్దె, బిల్లులు 900, తిండి, బస్సులు, ఫోన్లు 560. విద్యారుణం కిస్తీ, ఊళ్లో తెలిసినాయన దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన మూడు లక్షలు, ఈ రెండింటికీ కలిపి 400 పంపుతాను. కార్డుకు మినిమమ్ 40 కడుతున్నాను. నాకు షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ మందులు, ఆమెకు థైరాయిడ్ మాత్రలు ప్రతి నెలా కొనాలి. ఆమెకు ఇప్పుడు ఐదో నెల. పోయిన నెల నా పంటికి క్రౌన్ (తొడుగు) వేయించుకుంటే 330 పౌండ్ల దాకా అయింది, అదీ కార్డు మీదే గీకాను. కార్డు బాకీ 1,150కి చేరింది. మా వీసా మీద ‘నో పబ్లిక్ ఫండ్స్’ అని ఉంది కాబట్టి ఇక్కడ ఏ సాయమూ రాదు కదా. అందుకని ఊళ్లో ఆయన దగ్గరే ఇంకో రెండు లక్షలు తెచ్చి కార్డు తీర్చేసి, మిగిలింది చేతిలో ఉంచుకుందామనుకుంటున్నాను. కాన్పుకు మా అమ్మను పిలిపిస్తున్నాం. నెలకు ఓ 200 మిగిలితే ఇండియాలో ఎస్‌ఐపీ మొదలుపెట్టొచ్చా?

జవాబు: ఆ రెండు లక్షలు తేవద్దు. మిగతాదంతా చదివినా చదవకపోయినా ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. ఇప్పటికే నెలకు ఆరు వేలు వడ్డీ పోతోంది. ఇంకో నాలుగు వేలు కలిపితే, కాన్పు ముందు, ఆమె జీతం ఆగబోయే సమయంలో నెలకు పది వేలు ఉత్త వడ్డీకే పోతాయి. అసలు అలాగే ఉంటుంది.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది అప్పు కాదు, ‘ఏ సాయమూ రాదు కదా’ అన్న మాట. లెస్టర్, లండన్, బర్మింగ్‌హామ్ ఎక్కడి నుంచి రాసినా మనవాళ్లలో చాలామందిది ఇదే పొరపాటు. వీసా మీద ఆ ముక్క చూసి, ప్రభుత్వానికి సంబంధించిన ఏ కాగితం ముట్టుకున్నా వీసా పోతుందని భయపడతారు. రూమ్‌మేట్ చెప్పాడనో, వాట్సాప్ గ్రూపులో ఎవరో అన్నారనో మానేసి, ఊళ్లో వడ్డీకి తెచ్చుకుంటారు.

వలస నిబంధనల్లో ‘పబ్లిక్ ఫండ్స్’ అంటే ఏవేవో ఒక జాబితా ఉంది. యూనివర్సల్ క్రెడిట్, చైల్డ్ బెనిఫిట్, హౌసింగ్ బెనిఫిట్, కౌన్సిల్ టాక్స్ తగ్గింపు, కౌన్సిల్ ఇల్లు లాంటివి అందులో ఉన్నాయి. వాటి జోలికి వెళ్లకూడదు. బిడ్డ పుట్టగానే చైల్డ్ బెనిఫిట్‌కు అప్లై చేయమని ఎవరైనా చెబితే వినకండి. కానీ ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) వైద్యం ఆ జాబితాలో లేదు. మందులు, పళ్లు, కళ్లద్దాల ఖర్చులో ఎన్‌హెచ్‌ఎస్ ఇచ్చే సాయమూ లేదు. పైగా అది మీకు ఊరికే వచ్చేదీ కాదు. ఈ వీసాకు ఒక్కొక్కరికి ఏడాదికి 1,035 పౌండ్ల చొప్పున హెల్త్ సర్‌చార్జ్ కట్టారు. ఇద్దరికీ రెండేళ్లకు 4,140 పౌండ్లు, అదీ ముందే. కొందరు దీన్ని ఇంకోలా అపార్థం చేసుకుంటారు: సర్‌చార్జ్ కట్టాం కాబట్టి మందులు ఫ్రీ అనుకుంటారు. అదీ కాదు. ఇంగ్లండ్‌లో పుట్టినవాళ్లు ఏ షరతుల మీద మందులు కొంటారో మీరూ అవే షరతుల మీద కొనాలి. వాళ్లకున్న మినహాయింపులు మీకూ ఉంటాయి. (వేల్స్, స్కాట్లాండ్, ఉత్తర ఐర్లాండ్‌లలో ప్రిస్క్రిప్షన్ చార్జే లేదు. మీరు లెస్టర్‌లో కాక కార్డిఫ్‌లో ఉండి ఉంటే ఈ గొడవ సగం ఉండేది కాదు.)

ఇప్పుడు మీ సంగతి. మీకు షుగరు ఉంది, మందు వాడుతున్నారు. కేవలం పథ్యంతో నెట్టుకొచ్చేవాళ్లకు తప్ప, షుగరుకు మందు వాడే ఎవరికైనా ఇంగ్లండ్‌లో మందుల చార్జ్ కట్టక్కర్లేకుండా మెడికల్ ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్ ఇస్తారు. థైరాయిడ్ తక్కువై హార్మోన్ మాత్ర వేసుకునేవాళ్లకూ ఇస్తారు. అంటే మీ ఇద్దరికీ వస్తుంది. దీనికి ఆదాయం అడగరు, పొదుపు ఎంతో అడగరు. జీపీ (మీరు పేరు నమోదు చేసుకున్న డాక్టర్) దగ్గర ఎఫ్‌పీ92ఏ ఫారం అడిగితే వాళ్లే పూర్తిచేసి పంపుతారు. సర్టిఫికెట్ ఐదేళ్లు పనిచేస్తుంది. అది ఒక్క షుగరు మందుకే కాదు, ప్రిస్క్రిప్షన్ మీద రాసే ప్రతి మందుకూ వర్తిస్తుంది. మీ బీపీ, కొలెస్ట్రాల్ మాత్రలు కూడా అందులోకే వస్తాయి. షుగరు ఉన్నవాళ్లకు కంటి పరీక్ష కూడా ఉచితం, అదీ చేయించుకోండి.

మీ భార్యకు ఇంకొకటి ఉంది. మిడ్‌వైఫ్‌ను (కాన్పు చూసే నర్సును) మెటర్నిటీ ఎగ్జెంప్షన్ అడగండి. గర్భం ఉన్నప్పుడు, కాన్పు అయ్యాక 12 నెలల దాకా మందులూ, ఎన్‌హెచ్‌ఎస్ పంటి వైద్యమూ ఉచితం. మీ పంటి పని అయిపోయింది సరే, ఆమెకు ఏదైనా పంటి పని పెండింగ్‌లో ఉంటే ఈ లోపలే చేయించండి.

ఎంత పోగొట్టుకున్నారో చూడండి. ఒక్కో మందుకు చార్జ్ 9.90 పౌండ్లు. మీవి నెలకు మూడు, ఆమెది ఒకటి. ఏడాదికి 475.20 పౌండ్లు. రూపాయల్లో యాభై వేలకు తగ్గదు. ఊళ్లో తేబోతున్న రెండు లక్షలకు ఏడాది వడ్డీ 48,000. అంటే అక్కర్లేకుండా కట్టిన మందుల డబ్బు, ఇంకా తేని అప్పు మీద ఏడాది వడ్డీకి సరిపోతుంది. ఈ లెక్క వేసినప్పుడు నాకు కోపమొచ్చింది. మీ మీద కాదు, మీకు ఇన్నాళ్లూ ఎవరూ చెప్పనందుకు.

కట్టిన డబ్బు వెనక్కి వస్తుందా అంటే, చాలావరకు రాదు. మందుల డబ్బు తిరిగి అడగాలంటే కట్టిన రోజే ఫార్మసీలో ఎఫ్‌పీ57 అనే రసీదు తీసుకుని ఉండాలి. తర్వాత వెళ్లి అడిగితే ఇవ్వరు. రేపటి నుంచి సర్టిఫికెట్లు చేతికొచ్చేదాకా డబ్బు కట్టి, ప్రతిసారీ ఆ రసీదు అడిగి తీసుకోండి, మూడు నెలల్లోపు క్లెయిమ్ చేసుకోవచ్చు. సర్టిఫికెట్ ఎలాగూ వస్తుంది కదా అని ముందే ప్రిస్క్రిప్షన్ వెనక మినహాయింపు గడిలో టిక్ పెట్టొద్దు. తప్పు అని తేలితే చార్జ్‌కు ఐదు రెట్లు, గరిష్ఠంగా 100 పౌండ్ల దాకా పెనాల్టీ, ఆలస్యమైతే దాని మీద ఇంకో 50 దాకా. ఇక్కడికొచ్చిన కొత్తలో కౌంటర్ దగ్గర క్యూ చూసి కంగారుపడి, నేనూ ఏదో ఒక గడిలో గీసేసి ఆ ఉత్తరం అందుకున్నవాణ్నే.

పంటి డబ్బు విషయం వేరు. మెడికల్ ఎగ్జెంప్షన్ పళ్లకు పనికిరాదు. కానీ తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఎన్‌హెచ్‌ఎస్‌ది ‘లో ఇన్‌కమ్ స్కీమ్’ అని ఒకటి ఉంది. ఫారం పేరు హెచ్‌సీ1. పొదుపు 16,000 పౌండ్లకు మించకూడదు. మీకు ఆ భయం లేదు లెండి! ఇద్దరి ఆదాయం, అద్దె, కౌన్సిల్ టాక్స్ చూసి వాళ్లు లెక్క కడతారు. పూర్తి సాయం వస్తే హెచ్‌సీ2, కొంత వస్తే హెచ్‌సీ3. మీ జీతాలకు ఏది వస్తుందో, అసలు వస్తుందో రాదో నేను ముందే మాటివ్వను. కానీ ఎన్‌హెచ్‌ఎస్ పంటి వైద్యానికి కట్టిన డబ్బును మూడు నెలల్లోపు హెచ్‌సీ5 ఫారంతో వెనక్కి అడగొచ్చు. చేతిలో సర్టిఫికెట్ లేకపోతే హెచ్‌సీ1 దానితో కలిపి పంపొచ్చు. మీరు కట్టింది పోయిన నెల కాబట్టి గడువు ఇంకా ఉంది. డెంటిస్ట్ దగ్గర చేసింది ఎన్‌హెచ్‌ఎస్ కింద పనా, ప్రైవేటా అన్నది రసీదులో చూసుకోండి. ప్రైవేటైతే ఈ దారి లేదు. ఈ ఆదివారమే కూర్చుని ఫారాలు నింపండి. 330లో సగమొచ్చినా సగమొచ్చినట్టే.

ప్రీపేమెంట్ సర్టిఫికెట్ గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు. ఏడాదికి 114.50 పౌండ్లు కడితే ఎన్ని మందులైనా తీసుకోవచ్చు. ఏ మినహాయింపూ లేనివాళ్లకు అది మంచిదే, మీకు అక్కర్లేదు.

ఇక నేను ఎవరికైనా పదేపదే చెప్పి విసుగు తెప్పించే విషయం, అత్యవసర నిధి. మీకు అది సున్నా. అందుకే పన్ను నొప్పి పుట్టగానే కార్డు బయటికొచ్చింది, కార్డు నిండగానే ఊళ్లో ఆయన గుర్తొచ్చాడు. రెండు లక్షలు తెచ్చి కార్డు తీర్చినా ఈ వరస ఆగదు. మళ్లీ ఏదో ఒకటి వస్తుంది, ఖాళీ అయిన కార్డు మళ్లీ నిండుతుంది, అప్పుడు రెండు బాకీలూ ఉంటాయి. ఇలా కార్డును అప్పుతో తీర్చి, ఆరు నెలల్లో మళ్లీ కార్డు నింపుకొని నా దగ్గరకొచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టలేను.

మీరిచ్చిన లెక్కలో ఖర్చులన్నీ పోను 230 మిగలాలి. అది ఎటు పోతోందో మీరు రాయలేదు గానీ, అందులో కొంత మందులకే పోతోందని తెలుస్తూనే ఉంది. సర్టిఫికెట్లు వచ్చాక ఆ మందుల డబ్బు, నెలకు ఓ 40 పౌండ్లు, మిగులుతాయి. జీతం పడిన రోజే 200 పక్క ఖాతాలోకి పంపండి, డెబిట్ కార్డు లేని ఖాతా అయితే ఇంకా మంచిది. పంటి డబ్బు వస్తే అదీ అందులోకే. కాన్పు నాటికి ఓ వెయ్యి జమవుతుంది. మీ అద్దె, తిండి కలిపి నెలకు 1,460. ముందు ఒక నెల ఖర్చు దాకా చేరండి, ఆ తర్వాత అదే 200 కార్డు మీదికి మళ్లించండి. కార్డు వడ్డీ ఎక్కువ కాబట్టి ముందు దాన్నే తీర్చాలని లెక్కల మాస్టార్లు నన్ను తిడతారు. వాళ్ల లెక్క తప్పని నేననను. కానీ నాలుగు నెలల్లో కాన్పు పెట్టుకుని చేతిలో ఒక్క పౌండు లేకుండా ఉండమని మాత్రం చెప్పను. ఈలోగా ఆ కార్డు మీద కొత్తగా ఏమీ పెట్టొద్దు, ఏటీఎంలో డబ్బు తీయడం అసలే వద్దు, దాని మీద వడ్డీ తీసిన రోజు నుంచే మొదలవుతుంది.

కార్డు తీరాక నిధిని మూడు నెలల ఖర్చుకు, అంటే 4,380కి తీసుకెళ్లండి. ఎందుకంత అంటారా? బిడ్డకు డిపెండెంట్ వీసా తీసుకోవాలి. సర్‌చార్జ్ ఏడాదికి 776. మీ వీసా 2027 మొదట్లో అయిపోతుంది. స్పాన్సర్ (వీసా ఇప్పించే కంపెనీ) దొరికి మూడేళ్ల వీసాకు మారితే ఇప్పటి రేటున మీ ముగ్గురికీ సర్‌చార్జ్ ఒక్కటే 8,538 పౌండ్లు. వీసా ఫీజు వేరు. ఈ డబ్బు కంపెనీయే కట్టాలన్న రూలేమీ లేదు. అప్పుడు మళ్లీ ఊళ్లో ఆయనకు ఫోన్ చేస్తారా? ఎస్‌ఐపీ మాట ఆ తర్వాత చూద్దాం, ఇప్పుడు కాదు.

కాన్పుకు మీ భార్య జీతం ఆగిపోతే ఎలా అన్నది మీరు రాయలేదు గానీ, అదీ చూద్దాం. నేషనల్ ఇన్సూరెన్స్ మీద నడిచే మెటర్నిటీ అలవెన్స్ (కాన్పు సమయంలో ఇచ్చే భత్యం) కూడా పబ్లిక్ ఫండ్స్ జాబితాలో లేదు. కాన్పు తేదీకి ముందు 66 వారాల్లో 26 వారాలు పని చేసి, అందులో 13 వారాలు కనీసం 30 పౌండ్ల చొప్పున సంపాదించి ఉంటే అర్హత ఉంటుంది. ఆమె జీతానికి సగటులో 90 శాతం చొప్పున 39 వారాలు వస్తుంది. పే స్లిప్పులు జాగ్రత్త చేయమనండి.

ఊళ్లో మూడు లక్షల సంగతి. ఇంట్లో బంగారం ఉండి, అమ్మగారు మనస్ఫూర్తిగా ఇస్తానంటే, బ్యాంకులో గోల్డ్ లోన్ తీసుకుని ఆ రెండు రూపాయల వడ్డీ అప్పు మూసేయడం లెక్క ప్రకారం సబబే. ఏడాదికి 24 శాతం ఎక్కడ, బ్యాంకు వడ్డీ ఎక్కడ. కానీ ఒక్క రూపాయి కూడా అదనంగా తీసుకోవద్దు. ఇక్కడ కిస్తీలు మరీ భారమైతే స్టెప్‌చేంజ్ అనే సంస్థ డబ్బు తీసుకోకుండా సలహా ఇస్తుంది.

చివరికి అమ్మగారి ప్రయాణం. ఇన్ని చెప్పాను గానీ నాకు ఎక్కువ భయం దీని మీదే. విజిటర్ వీసా మీద వచ్చేవాళ్లు సర్‌చార్జ్ కట్టరు కాబట్టి మీకున్న హక్కులు ఆమెకు ఉండవు. జీపీకి చూపించుకోవచ్చు, ఎమర్జెన్సీ విభాగంలో చూస్తారు, దానికి డబ్బు అడగరు. వార్డులో చేర్చుకున్నారంటే మాత్రం ఎన్‌హెచ్‌ఎస్ రేటుకు 150 శాతం బిల్లు వేస్తారు. 500 పౌండ్లు, ఆపైన బాకీ రెండు నెలలు దాటితే హోమ్ ఆఫీసుకు (వీసాలు చూసే శాఖకు) చెబుతారు. తర్వాత ఆమె వీసా అడిగితే కాదనడానికి అదొక్కటే చాలు. టికెట్ కొన్న రోజే ఇండియాలో ట్రావెల్ మెడికల్ పాలసీ తీసుకోండి. బీపీ, మోకాళ్ల నొప్పి, ఏమున్నా దాచకుండా రాయండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు ఏ మేరకు ఇస్తారో ఏజెంట్ మాట కాకుండా పాలసీ కాగితంలో చదవండి. టికెట్ తక్కువకు దొరికి నాలుగు డబ్బులు మిగిలితే అవీ ఈ పాలసీలోనే పెట్టండి. ఆమె ఉండే అన్ని నెలలకూ సరిపడా మందులు, డాక్టర్ చీటీతో సహా సూట్‌కేసులో కాకుండా చేతి సంచిలో పెట్టుకోమనండి.