చిన్నాకి, చింతపండు మిషన్ వీడియోల గురించి

చిన్నా,

ఉద్యోగం మానేసి హిందూపురంలో షెడ్డు తీసుకుని చింతపండు గింజ తీసే మిషన్ చేస్తున్నావని, అదీ పూర్తయ్యాక చూపించడం కాకుండా మొదటి నుంచీ జరిగిందంతా వీడియోలు పెడుతూ చేస్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చెప్పి ఏడ్చింది కూడా, అది నీతో అనొద్దంది, నేను అనేస్తున్నా. తర్వాత నీ వీడియోలన్నీ కూర్చుని చూశాను. రోలర్ల మధ్య పండు ఇరుక్కుని మోటార్ ఆగిపోతే నువ్వు ఫోన్ పక్కన పెట్టెయ్యకుండా దగ్గరికి తెచ్చి "ఇదిగో ఇక్కడే ఫెయిలయింది, ఎందుకో నాకింకా తెలీదు" అన్నావు చూడు, అక్కడ నాకు గుండె నిండిపోయింది రా. మార్కులు తక్కువొస్తే రిజల్ట్స్ ఇంకా రాలేదని పక్కింటికి చెప్పే ఇల్లు మనది, ఆ ఇంట్లోంచి నువ్వు ఇంత ధైర్యంగా మాట్లాడుతుంటే గర్వంగా ఉంది, భయంగానూ ఉంది. భయాలే ఎక్కువ రాస్తాను, ఓపిగ్గా చదువు.

డబ్బు సంగతులు వీడియోలో పెట్టకు, ఎంత దాచుకున్నావు ఎన్ని నెలలు నెట్టుకొస్తావు అని ఎవరడిగినా సరే. పాత ఆఫీసు గురించి మంచైనా చెడైనా ఒక్క ముక్క మాట్లాడకు, చేరినప్పుడు సంతకం పెట్టిన కాగితాలు తీసి చదువుకో, ఉద్యోగంలో ఉండగా కనిపెట్టింది కంపెనీదే అని కొన్నిటిలో రాసుంటుంది, ఆ ఆఫీసు లాప్‌టాప్‌లో గీసిన బొమ్మ ఒక్కటి కూడా ఇందులో వాడొద్దు. చింతపండు కొట్టే ఆడవాళ్ళని వీడియో తీసేముందు వాళ్ళనడుగు, వాళ్ళ కూలి ఎంతో నువ్వు చెప్పకు.

అసలు చెప్పాలనుకున్నది వేరే. నేను హైదరాబాదు బాలానగర్‌లో, ఫ్యాక్టరీలకి అచ్చులు, పనిముట్లు చేసే టూల్ రూమ్ డ్రాయింగ్ ఆఫీసులో చేరిన కొత్తలో కంప్యూటర్లు లేవు, బోర్డుకి ట్రేసింగ్ షీటు బిగించి ఇంకు పెన్నుతో గీసేవాళ్ళం, గీత తప్పితే బ్లేడుతో మెల్లగా గీకి, అక్కడ ఇంకు పాకకుండా గోటితో రుద్ది మళ్ళీ గీసేవాళ్ళం. ప్రింటు కావాలంటే అమోనియా మిషన్, ఆ గదిలోకెళ్తే కళ్ళు మండిపోయేవి. మాతో ఒక కుర్రాడు పనిచేసేవాడు, పేరొద్దులే, ఐటీఐ చేసి వచ్చాడు, వాడు వేసిన అంకెలు అచ్చు గుద్దినట్టుండేవి. ఒక ప్రెస్ టూల్, అంటే రేకుని నొక్కి ఆకారం తెచ్చే అచ్చు, దాని డ్రాయింగ్ సగంలో ఉండగా కస్టమర్ తరఫు మనిషొచ్చి ఎంతవరకొచ్చిందో చూస్తానన్నాడు. మావాడు సంబరంగా చూపించాడు, అంతటితో ఆగితే బాగుండేది, ఆయన అడిగాడని ఒక ప్రింటు తీసి చుట్టి చేతిలో పెట్టాడు. అందులో అచ్చు పై సగాన్నీ కింది సగాన్నీ సరిగ్గా కలిపే పిల్లర్ల హోల్స్ మధ్య దూరం ఇంకా తేలలేదు, అప్పటికి ఏదో ఒకటి ఉండాలని వేసుకున్న కొలత. ఆ సంగతి వాడి మనసులో ఉంది, కాగితం మీద లేదు. కాగితం మీద అది కూడా మిగతా కొలతలంత చక్కగానే కనిపించింది. కింద మూలన ఎన్నో మార్పో రాసే రివిజన్ గడి ఖాళీగా ఉంది, ముద్ర ఏమీ లేదు.

ఆ కస్టమర్ ఊళ్ళో వాళ్ళు ఆ ప్రింటు పట్టుకుని స్టీలు బ్లాకులు కోసేశారు, హోల్స్ వేసేశారు, వేడి చేసి గట్టిపరిచే హార్డెనింగ్‌కి కూడా పంపేశారు, టైమ్ కలిసొస్తుందని. హార్డెనింగ్ అయిన స్టీలుకి మామూలు డ్రిల్లు దిగదు, నీకు నేను చెప్పక్కర్లేదు. మా ఫైనల్ డ్రాయింగ్ వెళ్ళేసరికి ఆ దూరం మారిపోయింది. బ్లాకులు స్క్రాపయ్యాయి. "మీ డ్రాయింగే కదా" అని వాళ్ళు, "సగం డ్రాయింగ్ పట్టుకుని ఎవరు కోయమన్నారు" అని మావాళ్ళు, చివరికి అందరూ కలిసి ఆ కుర్రాడి మీద పడ్డారు, హాల్లో అందరి ముందూ నిలబెట్టి అరిచారు. మర్నాటి నుంచి రూలొచ్చింది, పూర్తికాని షీటు గడప దాటాలంటే "ప్రిలిమినరీ, నాట్ ఫర్ మాన్యుఫాక్చర్" అని, అంటే ఇది ఇంకా పూర్తికాలేదు, దీన్ని చూసి తయారు చెయ్యొద్దని, ఎర్ర ముద్ర పడాలి, తేదీ ఉండాలి, తేలని ప్రతి కొలత చుట్టూ గుండ్రంగా గీత చుట్టాలి. మంచి రూలే, నేను రిటైరయ్యేదాకా పాటించాను.

కానీ ఆ కుర్రాడేమయ్యాడో విను. ఆ తర్వాత బోర్డు మీద గుడ్డ కప్పుకునేవాడు. వెనక ఎవరైనా నిలబడితే పెన్ను కింద పెట్టేసేవాడు. అంతకుముందు టీ తాగుతూ "ఇక్కడ బోల్టు తిరగడానికి స్పానర్ పట్టదేమో చూడరా" అని ఎవరో ఒకరు అనేవాళ్ళం, వాడు అప్పటికప్పుడు మార్చేవాడు. గుడ్డ కప్పాక అవన్నీ చివర్లో చెకింగ్‌లో దొరికేవి, షీటు మొత్తం మళ్ళీ గీయాల్సొచ్చేది, మళ్ళీ తిట్లు. అంత చెయ్యి ఉన్నవాడు ఆ పనే వదిలేసి వెళ్ళిపోయాడు. వాడు చూపించడంలో తప్పులేదని, ఏది తేలిందో ఏది తేలలేదో రాయకుండా ఇచ్చాడు అదే తప్పని వాడితో ఎవరూ కూర్చుని మాట్లాడలేదు. నువ్వు కూడా ఒకసారి దెబ్బ తిని గుడ్డ కప్పేసుకుంటావేమోనని నాకు భయం, నీ మిషన్ ఫెయిలవుతుందని అస్సలు లేదు.

అందుకే చెప్తున్నా. మొన్నటి వీడియోలో రోలర్ గ్యాప్ ఎంతో చెప్పావు, గట్టిగా, ధీమాగా చెప్పావు. అది తేలిన లెక్కా, ఈ వారం ప్రయత్నమా? గ్యాప్ బిగుతైతే గింజ పగిలి ముక్కలు పండులో కలుస్తాయి, వదులైతే గింజ అలాగే ఉండిపోతుంది, పండులో తేమ మారితే మళ్ళీ కథ మొదటికి. ఇవన్నీ నీకు తెలుసు. పుంగనూరులోనో మడకశిరలోనో వెల్డింగ్ షాపు పెట్టుకున్నాయనకి తెలీదు, నీ అంకె విని అప్పోసప్పో చేసి లేత్ మీద రోలర్లు టర్నింగ్ చేయించేస్తాడు, ఆ సరుకు మేలురకం కరిపులి రేటుకి పోకపోతే నిన్నే తిట్టుకుంటాడు. ప్రతి వీడియో మొదట్లోనే తేదీ, ఇది ఎన్నో మార్పు, ఏది ఇంకా తేలలేదు, చూసేవాళ్ళని ఏమడుగుతున్నావు, ఇవి చెప్పు. పాతదాంట్లో చెప్పింది మారితే ఆ పాత వీడియో కిందే రాయి, కొత్తదాంట్లో చెప్పాను కదా అని వదిలెయ్యకు, ఎవరు ఏది ముందు చూస్తారో నీ చేతిలో లేదు.

ఇంకోటి, పేటెంటు. గింజని పక్కకి తోసే ఆ దువ్వెన లాంటి ఏర్పాటు వచ్చే వారం చూపిస్తానన్నావు, ఆగు. నువ్వు బయటపెట్టిన క్షణం నుంచి అది లోకానికి తెలిసిన సంగతే, ఆ తర్వాత నువ్వే పేటెంటుకి వెళ్ళినా నీ వీడియోనే నీకు అడ్డమొస్తుంది. అమెరికాలో కనిపెట్టినవాళ్ళకి బయటపెట్టాక ఒక ఏడాది టైమిస్తారు, ఆ మాటలు విని ఇక్కడా అంతేననుకోకు, మన 1970 పేటెంట్ల చట్టంలో ఆ వెసులుబాటు ప్రభుత్వం నోటిఫై చేసిన ఎగ్జిబిషన్ లాంటి కొద్ది సందర్భాలకే. మిషన్ పూర్తవ్వక్కర్లేదు, ప్రొవిజనల్ అప్లికేషన్ అని తాత్కాలిక దరఖాస్తు ఉంటుంది, విడి మనిషి ఆన్‌లైన్‌లో వేస్తే ఫీజు 1,600 రూపాయలు, 12 నెలల్లోపు పూర్తి స్పెసిఫికేషన్, అంటే మిషన్ వివరమంతా రాసిన కాగితం, ఇవ్వాలి, మనం చెన్నై ఆఫీసు కిందికొస్తాం. ప్రొవిజనల్‌లో ఎంత రాస్తే అంతకే ఆ తేదీ వర్తిస్తుంది, కాబట్టి రెండు ముక్కల్లో తేల్చెయ్యకుండా బొమ్మలతో సహా రాయి. ఆ తర్వాత నీ ఇష్టం వచ్చినంత చూపించుకో. లేదు పెద్దమ్మా, ఇది అందరికీ ఉచితంగా ఇచ్చేద్దామనే చేస్తున్నా అంటావా, అప్పుడు నిన్ను ముద్దు పెట్టుకుంటా, కానీ అది తెలిసి తీసుకున్న నిర్ణయం అయ్యుండాలి, తొందరలో జారిపోయింది కాకూడదు.

హైదరాబాదులో పల్లెసృజన వాళ్ళున్నారు, ఊళ్ళలో ఇలాంటివి చేసేవాళ్ళకి తోడుంటారు, వచ్చినప్పుడు కలువు. ఆలేరు దగ్గర చింతకింది మల్లేశం గారి సంగతి తెలుసు కదా, వాళ్ళమ్మకి ఆసు పోసి పోసి, అంటే చీర నేసేముందు నూలుని చేత్తో చుట్టి చుట్టి, భుజాలు పోతున్నాయని 1992లో ఆ పని చేసే మిషన్ మొదలుపెట్టారు, 1999 దాకా పట్టింది. అప్పుడు వీడియోల్లేవు, అయినా సగం మిషన్ ఊరంతా చూస్తూనే ఉంది, అనేవాళ్ళు అంటూనే ఉన్నారు. ఆఖరి కదలిక దగ్గర ఆగిపోయిన మనిషి బాలానగర్‌లో ఒక యూనిట్లో వైరింగ్ పనికెళ్ళి, అక్కడ ఇంకేదో మిషన్ తిరిగే తీరు చూసి దారి పట్టుకున్నారు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. మా వీధుల్లో దొరికిందా జవాబు అని నాకిప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. నీ జవాబు ఏ జీడిపప్పు ఫ్యాక్టరీ మెకానిక్ దగ్గరుందో, నువ్వు చూపిస్తేనే కదా ఆయన చూసేది. అందుకే వీడియోలు ఆపమని ఛస్తే చెప్పను.

ఒక్క విషయం మీద మాత్రం నీతో దెబ్బలాడతా. లోపల కనపడాలని రోలర్ల మీది కప్పు, ఆ గార్డు, తీసేసి, రోలర్లు తిరుగుతుండగా వేళ్ళతో పండు తోస్తున్నావు. నీకు సగం పిచ్చా? ఆ వీడియో ఇప్పుడే తీసెయ్. చూసి చేసుకునేవాళ్ళు నీ మిషన్‌ని ఎలా చూస్తే అలాగే చేస్తారు, గార్డు లేకుండా, చున్నీలు గాజులు వేసుకున్న ఆడవాళ్ళ చేతుల ముందు పెడతారు. టూల్ రూమ్‌లో వేళ్ళు పోయినవాళ్ళని చూశాను చిన్నా, దాని గురించి ఇంతకంటే రాయలేను. లోపల చూపించాలంటే మోటార్ ప్లగ్ పీకి చేత్తో తిప్పి చూపించు, లేదా గార్డుకి అక్రిలిక్ షీటు వెయ్.

కామెంట్లు మీ అమ్మ అన్నీ చదువుతోంది. "ఇంజనీరింగ్ చేసి చింతపండు పిసుకుతున్నాడు" అని ఎవడో రాశాడట, రాత్రి నిద్రపోలేదు. ఆవిడ చేత చదవడం మాన్పించలేం, కనక ఏ వీడియో అయినా పెట్టకముందు ఆవిడకి చూపించు, ఏం ఫెయిలయిందో ఆవిడకి ముందే తెలిస్తే ఎవరేమన్నా తట్టుకుంటుంది. నువ్వు కూడా రాత్రి పదకొండింటికి కామెంట్లకి జవాబులు రాయడం మాని అన్నం తిను, కాలర్ ఎముకలు బయటికొచ్చేశాయి.

గార్డు డ్రాయింగ్ నేను గీసి పంపిస్తా. రోలర్ల పొడవు, వ్యాసం, రెండు షాఫ్టుల మధ్య దూరం, పండు వేసే నోరు ఎంత ఎత్తులో ఉందో కొలిచి ఆదివారంలోగా వాట్సాప్ చెయ్. వ్యాసం టేపుతో కొలవకు, వెర్నియర్‌తో కొలువు.

పెద్దమ్మ