సూర్యనమస్కారాలు చేస్తే మణికట్టు, నడుము నొప్పి: క్రమం మార్చుకోవచ్చా?

నలభై దాటాక సూర్యనమస్కారాలు మొదలుపెట్టారు, మణికట్టూ నడుమూ పట్టేస్తున్నాయి, వేల ఏళ్ళ నాటి క్రమాన్ని మార్చకూడదని నేర్పేవారు అంటున్నారు, ఏం చేయాలని అడిగారు. నిక్షేపంగా మార్చుకోవచ్చండీ. మీరు చేస్తున్న 12 భంగిమల వరుస వ్యాయామంగా ఊరూరా పాకి దాదాపు వందేళ్ళే అయింది.

సూర్యుడికి మొక్కడం పాతదే. అరుణ మంత్రాలు చదువుతూ సాష్టాంగపడే ఆనవాయితీ మన ఇళ్ళలో ఇప్పటికీ ఉంది. కానీ అది పూజ. 15వ శతాబ్దపు యోగ గ్రంథం హఠయోగ ప్రదీపికలో వర్ణించినవి 15 ఆసనాలు, చాలావరకు కూర్చుని చేసేవే. అందులో సూర్యనమస్కారాల ఊసే లేదు. వీటిని జనంలోకి తెచ్చింది మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానాధీశుడు భవానరావు పంత్ ప్రతినిధి. తన సంస్థానంలోని బడిపిల్లల చేత చేయించారు, 1928లో పుస్తకమూ రాశారు. తాలింఖానాల్లో (పాతకాలపు వ్యాయామశాలల్లో) తీసే దండీలు చూసినవాళ్ళకు ఈ వరుసలోని కదలిక కొత్తగా అనిపించదు.

మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో 1930లలో యోగ గురువు తిరుమలై కృష్ణమాచార్య నడిపిన యోగశాలలో నేర్చుకున్నదీ ఎక్కువగా కుర్రవాళ్ళే. ఊపిరితో జత కలిపి ఒక ఆసనంలోంచి ఇంకోదానిలోకి దూకే ఆ పద్ధతి వాళ్ళ ఒంటికి సరిపోయింది. అదే కృష్ణమాచార్య తర్వాత మద్రాసులో వయసునీ జబ్బునీ బట్టి ఒక్కొక్కరికి ఒక్కో రకంగా నేర్పారు. ఆయన శిష్యుడు బి.కె.ఎస్. అయ్యంగార్ పుణేలో కుర్చీలూ బెల్టులూ చెక్క ఇటుకలూ వాడి చేయించారు. గురువులే మార్చి నేర్పినప్పుడు మీరు మోకాలు కాస్త వంచితే అపచారం ఏమీ జరగదు.

ఇక నొప్పి సంగతి. ముందు మణికట్టు. పర్వతాసనంలో (అరచేతులూ పాదాలూ నేలకు ఆనించి పిరుదుల్ని పైకెత్తే భంగిమ) బరువంతా చేతుల మీదికి తోసేయడమే ఎక్కువగా కనిపించే తప్పు. వేళ్ళు బాగా విప్పి, బొటనవేలు, చూపుడువేలు మొదళ్ళను నేలకు నొక్కండి. అవి లేచిపోతే భారం చిటికెనవేలి వైపు మణికట్టు మీద పడుతుంది. మోకాళ్ళు వంచి పిరుదుల్ని వెనక్కీ పైకీ తీసుకెళ్తే బరువు కాళ్ళకు మళ్ళుతుంది. మడమలు నేలకు తగలకపోయినా పర్వాలేదు. అప్పటికీ నొప్పి ఉంటే మ్యాట్ అంచుని రెండు మూడు మడతలు వేసి, మణికట్టును ఆనుకున్న అరచేతి భాగం దాని మీద, వేళ్ళు కింద నేల మీదా ఉండేలా పెట్టండి. మణికట్టు వంగే కోణం తగ్గుతుంది.

అష్టాంగ నమస్కారంలో (మోకాళ్ళు, ఛాతీ, గడ్డం నేలకు ఆనించే భంగిమ) దిగే వరుస ముఖ్యం: ముందు మోకాళ్ళు, తర్వాత రెండు అరచేతుల మధ్యకు ఛాతీ, చివర గడ్డం. మోచేతులు పక్కటెముకలను రాసుకుంటూ ఉండాలి, పిరుదులు పైనే ఉండాలి. చాలామంది ఒక్కసారిగా కిందికి జారిపోతారు. పొట్ట ముందు దిగి నడుము ఊయల్లా వేలాడుతుంది. అక్కడే పట్టేస్తుంది.

భుజంగాసనానికి (పాము పడగలా ఛాతీ ఎత్తే భంగిమ) ముందు పూర్తిగా బోర్లా పడుకుని, పాదాల పైభాగమూ పొత్తికడుపు కింది ఎముకా నేలకు ఆనించి, అప్పుడు ఛాతీ ఎత్తండి. ఎత్తాక ఒక్క క్షణం అరచేతులు నేల నుంచి లేపి చూడండి. ఛాతీ ఎంత ఎత్తున నిలిస్తే ప్రస్తుతానికి మీకు అంతే చాలు, మోచేతులు వంచే ఉంచండి. చేతుల్ని నిటారుగా తోసి ఇంకా లేస్తే వంపంతా నడుము అడుగు పూసల దగ్గరే పడుతుంది, వీపు పైభాగం కదలనే కదలదు. అద్దంలో అందంగానే కనిపిస్తుంది కాబట్టి ఈ తప్పు ఏళ్ళ తరబడి సాగిపోతుంది.

పాదహస్తాసనంలో (నిలబడి ముందుకు వంగే భంగిమ) పొట్ట తొడలకు తగిలేదాకా మోకాళ్ళు వంచండి. చేతులు నేలకు అందకపోతే చెరో ఇటుక పెట్టుకోండి. లేచేటప్పుడు చేతులు తొడల మీద ఆనించి లేవండి. హస్త ఉత్తానాసనంలో (నిలబడి చేతులు పైకెత్తే భంగిమ) వెనక్కి వాలకుండా చేతులు పైకి సాగదీస్తే చాలు. అశ్వసంచలనంలో (ఒక కాలు ముందు, ఒక కాలు వెనక ఉండే భంగిమ) పాదం చేతుల మధ్యకు రాకపోతే పిక్కను చేత్తో పట్టి ముందుకు లాగండి. అదేమీ మోసం కాదు.

మొదటిసారి ఏ కాలు వెనక్కి పెట్టారో, వరుస రెండో సగంలో అదే కాలు ముందుకు తేవాలి. రెండోసారి రెండో కాలు. ఆ రెండూ కలిపితే ఒక ఆవృత్తి. మొదటి వారం రోజుకు 2 ఆవృత్తులు, తర్వాత వారానికొకటి పెంచుతూ 6 దాకా వెళ్తే మీ వయసుకు బాగా సరిపోతుంది. నోటితో ఊపిరి తీసుకోవాల్సి వస్తోందంటే వేగం ఎక్కువైనట్టే. భోజనం చేసి 3, 4 గంటలు గడవాలి. చివర 5 నిమిషాలు శవాసనం వేయండి.

బీపీ అదుపులో లేనివాళ్ళు, గ్లకోమా, హెర్నియా, డిస్కు సమస్య ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా చేయకూడదు. నొప్పి నడుము నుంచి కాలిలోకి దిగుతుంటే వంగడాలు ఆపేయండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతుంటే మణికట్టులో నరం నొక్కుకుపోతూ ఉండొచ్చు. డాక్టరుకు చూపించుకునేదాకా అరచేతులు నేలకు ఆనించే భంగిమలన్నీ మానేసి, పర్వతాసనం బదులు గోడకు ముంజేతులు ఆనించి, నడుము చదునుగా వచ్చేదాకా పాదాలు వెనక్కి జరిపి నిలబడండి.